ఇల్లంతా పాట: అది ఎక్కడి నుంచి రావాలి?

ఆ సాయంత్రం ఇంటికి చుట్టాలు వచ్చారు. హాల్లో, వంటింట్లో, మేడమీద గదిలో ఒకే పాట నడుస్తోంది. పాట వస్తున్నది నా జేబులో ఉన్న ఫోన్ నుంచి, బ్లూటూత్ మీద. ఇంతలో ఫోన్ మోగింది. పాట టక్కున ఆగిపోయి, ఇంట్లోని స్పీకర్లన్నిటిలోనూ నా రింగ్‌టోన్ మోగింది. మాట్లాడదామని పెరట్లోకి నడిచాను. మాట్లాడటం అయ్యాక పాట మళ్లీ మొదలైంది కానీ, నాకూ హాల్లోని యాంప్లిఫయర్‌కూ మధ్య రెండు గోడలు అడ్డం. పాట ముక్కలు ముక్కలుగా వచ్చింది. "పాట ఏమైందిరా?" అని అత్తయ్య లోపలి నుంచి కేకేసింది. ఆమెకు ఆ పాటంటే ప్రాణం.

స్పీకర్లు మంచివే. వైరింగ్ శ్రద్ధగా చేయించిందే. యాంప్లిఫయర్‌లో ఏ లోపమూ లేదు. చిక్కంతా పాట బయల్దేరే చోట ఉంది. ఇల్లంతా సంగీతం పెట్టించుకోవాలనుకునేవాళ్లు నెలల తరబడి స్పీకర్ల గురించి చదువుతారు, ఒకదానితో ఒకటి పోల్చి చూస్తారు. 'మరి పాట దేంట్లోంచి వస్తుంది?' అని అడిగితే మాత్రం 'ఫోన్ ఉందిగా' అనేస్తారు. తర్వాత పడే ఇబ్బందులు చాలావరకు ఆ ఒక్క మాటలోంచే పుడతాయి.

ఈ రంగంలో పాట పుట్టే చోటును సోర్స్ అంటారు. అది రేడియో కావచ్చు, సీడీ ప్లేయర్ కావచ్చు, ఇంటర్నెట్‌లోని మ్యూజిక్ సర్వీసు కావచ్చు. పాట వినిపించే ఒక్కో గదిని, లేదా కలిసి ఒకే పాట వినే రెండు మూడు గదులను జోన్ అంటారు. పాత పద్ధతిలో ఒక అలమరలో పెద్ద యాంప్లిఫయర్ ఉండేది. దానికి ఒకవైపు సోర్సులన్నీ కలిపేవారు, రెండోవైపు నుంచి ప్రతి గదికీ స్పీకర్ వైరు లాగేవారు. ఏ గదికి ఏ సోర్స్ వెళ్లాలో మధ్యలోని మ్యాట్రిక్స్ అనే స్విచ్ చూసుకునేది. కొత్త పద్ధతిలో ప్రతి గదిలోనూ నెట్‌వర్క్‌కు కలిసిన ఒక చిన్న పెట్టో, లోపలే యాంప్లిఫయర్ ఉన్న స్పీకరో ఉంటుంది. పాట వైఫై మీదో, ఈథర్‌నెట్ కేబుల్ మీదో నేరుగా అక్కడికే చేరుతుంది. రెండూ బాగా పనిచేసేవే. ఏది ఎంచుకున్నా సోర్స్ విషయంలో తేల్చుకోవాల్సినవి మాత్రం ఒకటే: పాట ఎక్కడ ఉంది, దాన్ని ఎవరు మోసుకొస్తున్నారు, దాన్ని మొదలుపెట్టే పని ఇంట్లో ఎవరెవరికి చేతనవుతుంది.

మోసేది ఎవరు?

అన్నిటికంటే ఎక్కువ గందరగోళం ఇక్కడే. తెరమీద కనిపించేది ఒకలాగే ఉంటుంది: ఫోన్‌లో పాట తెరుస్తాం, స్పీకర్ బొమ్మ నొక్కుతాం, గదిలో పాట వస్తుంది. లోపల జరిగేది మాత్రం పూర్తిగా వేరు.

బ్లూటూత్‌లో ఫోన్ బిందెతో నీళ్లు మోస్తున్నట్టే. పాటలో ప్రతి క్షణం ఫోన్ గుండానే వెళ్లాలి. ఫోన్ దూరం జరిగితే, బ్యాటరీ అయిపోతే, ఎవరైనా కాల్ చేస్తే నీళ్లు ఆగిపోతాయి. ఇంట్లో దాని రేంజ్ సుమారు 10 మీటర్లు. మధ్యలో గోడలుంటే అంతకంటే తక్కువే. ఒక గదిలో, ఒక మనిషికి బ్లూటూత్ చక్కటి ఏర్పాటు. ఇంటికంతటికీ అదే ఆధారం కాకూడదు.

గూగుల్ కాస్ట్, స్పాటిఫై కనెక్ట్ లాంటివి కుళాయి తిప్పడం లాంటివి. ఫోన్ 'ఈ పాట వెయ్యి' అని చెప్పి పక్కకు తప్పుకుంటుంది. స్పీకర్ తనంతట తానే ఇంటర్నెట్ నుంచి పాట తెచ్చుకుంటుంది. ఇక ఫోన్ మోగినా, ఫోన్ పట్టుకుని వీధి చివరికి వెళ్లినా పాట ఆగదు. స్పాటిఫై కనెక్ట్ 2013లో వచ్చింది; ఆ తర్వాత చాలా సర్వీసులు ఇదే దారి పట్టాయి.

యాపిల్ వాళ్ల ఎయిర్‌ప్లే ఈ రెండింటికీ మధ్యలో ఉంటుంది. సాధారణంగా అందులోనూ ఫోనే పాటను మోస్తుంది, కాకపోతే వైఫై మీద మోస్తుంది కాబట్టి వైఫై అందినంత దూరం ఇబ్బంది ఉండదు. 2018లో వచ్చిన ఎయిర్‌ప్లే 2తో ఐఫోన్ నుంచి ఒకేసారి చాలా గదుల్లోకి పాట పంపడం వీలైంది. ఫోన్ మాత్రం ఇంట్లోనే ఉండాలి. ఫోన్ పట్టుకున్న మనిషి బయటికి వెళ్తే పాటా వెళ్లిపోతుంది.

కొత్త పరికరం చూస్తున్నప్పుడు నేను చేసే పరీక్ష ఒక్కటే. పాట మొదలుపెట్టి, ఫోన్‌ను పూర్తిగా స్విచాఫ్ చేస్తాను. రెండు మూడు పాటలయ్యేదాకా ఆగుతాను. అప్పటికీ పాట నడుస్తూ ఉంటే అది కుళాయి. ఆగితే బిందె. పెట్టె మీద ఎన్ని లోగోలు ఉన్నాయో లెక్కపెట్టేకంటే ఈ పరీక్షే ఎక్కువ చెబుతుంది.

రెండుసార్లు వినిపించే మాట

ఒకే పాట నాలుగు గదుల్లో వస్తే సరిపోదు, ఒకే క్షణంలో రావాలి. గాలిలో శబ్దం సెకనుకు సుమారు 343 మీటర్లు ప్రయాణిస్తుంది. అంటే 10 మీటర్ల దూరంలోని స్పీకర్ శబ్దం మనల్ని చేరడానికి సుమారు 29 మిల్లీసెకన్లు పడుతుంది. ఇలాంటి చిన్న తేడాలను చెవి ఓర్చుకుంటుంది, రెండింటినీ కలిపి ఒకే శబ్దంగా వింటుంది. తేడా 40, 50 మిల్లీసెకన్లు దాటిపోతే ప్రతిధ్వనిలా విడివిడిగా వినిపించడం మొదలవుతుంది.

మా స్నేహితుడి ఇంట్లో దీన్ని దగ్గర నుంచి చూశాను. హాల్లో రికార్డ్ ప్లేయర్ ఉంది. దాని శబ్దం హాల్లోని స్పీకర్లకు నేరుగా వైరు మీద వెళ్తుంది. వంటింటికి మాత్రం నెట్‌వర్క్ పెట్టె ద్వారా వెళ్తుంది. హాల్లో కూర్చుంటే పాట బాగుంది. వంటింట్లో నిలబడినా బాగుంది. రెండింటి మధ్య గుమ్మంలో నిలబడితే మాత్రం గాయని ప్రతి మాటనూ రెండుసార్లు పలుకుతున్నట్టుంది. నెట్‌వర్క్ పెట్టె పాట తెగకుండా ఉండటానికి కొంత భాగాన్ని ముందే దాచుకుని తర్వాత వినిపిస్తుంది, దాన్నే బఫర్ అంటారు. నేరుగా వెళ్లే వైరులో ఆ ఆగడం లేదు. చివరికి హాల్లోని స్పీకర్లను కూడా అదే నెట్‌వర్క్ పెట్టెల వరసలోకి మార్చాడు. ముల్లు రికార్డు మీద వాలాక పాట రావడానికి ఇప్పుడు కాస్త ఆలస్యమవుతుంది, కానీ గుమ్మంలో మాట ఒకటే.

ఒకే కుటుంబానికి చెందిన స్పీకర్లు ఒక ఉమ్మడి గడియారాన్ని చూసుకుంటూ పాడతాయి. వేరే కుటుంబం స్పీకర్‌కు ఆ గడియారం తెలియదు. అందుకే ఒక గదిలో ఎయిర్‌ప్లే మాత్రమే తెలిసిన స్పీకరూ, పక్క గదిలో గూగుల్ కాస్ట్ మాత్రమే తెలిసినదీ పెట్టి ఒకే పాట కలిపి వినాలంటే కుదరదు. ఒక్కో గదికి ఒక్కో కంపెనీ స్పీకర్ ఆఫర్‌లో దొరికింది కదా అని కొనేవాళ్లు ఈ ఒక్క సంగతి ముందే చూసుకోవాలి.

టీవీ శబ్దాన్ని ఇల్లంతా వినాలనుకున్నప్పుడు ఈ బఫరే అడ్డొస్తుంది. సంగీతానికి సెకను ఆలస్యం పట్టించుకోం, కానీ తెరమీద పెదవి కదిలాక సెకనుకు మాట వస్తే చూడలేం. టీవీ ఉన్న గదిలో ఆ శబ్దాన్ని హెచ్‌డీఎంఐ ఆర్క్ (టీవీ శబ్దాన్ని కేబుల్ మీద నేరుగా యాంప్లిఫయర్‌కు పంపే ఏర్పాటు) లాంటి నేరు దారిలోనే ఉంచాలి. తెర కనిపించని గదుల్లో కాస్త ఆలస్యంగా వచ్చినా నష్టం లేదు.

ఖాతా ఎవరిది?

ఇప్పుడు చాలా ఇళ్లలో అసలు సోర్స్ స్ట్రీమింగ్ సర్వీసే. కోట్ల పాటలు, వెతికితే క్షణంలో దొరకడం, ఎక్కడా సర్ది పెట్టుకునే పని లేకపోవడం, ఇవన్నీ చిన్న సుఖాలు కావు. అయితే ఈ సర్వీసులు తయారైంది ఒక మనిషిని దృష్టిలో పెట్టుకుని. ఇల్లు ఒక మనిషి కాదు.

ఒకరోజు నేను కారులో వెళ్తూ పాట పెట్టుకున్నాను. ఇంట్లో నాన్న వింటున్న పాట ఆగిపోయింది. స్పీకర్ పాడైందనుకుని ఆయన ప్లగ్ తీసి పెట్టి, మళ్లీ తీసి పెట్టి విసిగిపోయారట. జరిగింది వేరే. ఇంట్లోని స్పీకర్లన్నీ నా సొంత ఖాతాతో లాగిన్ అయి ఉన్నాయి. వ్యక్తిగత ప్లాన్‌లో ఒక సమయంలో ఒకచోటే పాట నడుస్తుంది. నేను కారులో నొక్కిన మరుక్షణం ఆ ఖాతా ఇంటిని వదిలి నా వెంట వచ్చేసింది.

ఇక్కడ ఒక తేడా గుర్తుపెట్టుకోవాలి. నాలుగు గదులను ఒక గుంపుగా చేసి ఒకే పాట వేస్తే అది ఒకే స్ట్రీమ్ కింద లెక్క, దానికి ఒక ఖాతా చాలు. పిల్లల గదిలో ఒక పాట, నాన్న గదిలో ఇంకో పాట ఒకేసారి కావాలంటే రెండు ఖాతాలు కావాలి. స్పాటిఫై, యాపిల్ మ్యూజిక్ ఫ్యామిలీ ప్లాన్లలో ఆరుగురి దాకా వేరువేరు ఖాతాలు పెట్టుకోవచ్చు. ఆ ప్లాన్ తీసుకున్నా పొరపాటు జరిగే చోటు ఒకటుంది: అందరి స్పీకర్లకూ మళ్లీ ఇంటి పెద్ద ఖాతానే ఇవ్వడం. అందులో ఒక ఖాతాను హాల్లోని, వంటింట్లోని స్పీకర్లకే కేటాయిస్తే ఎవరు బయటికి వెళ్లినా ఇంటి పాట ఇంట్లోనే ఉంటుంది. ఇంకో మేలు కూడా ఉంది. పసిపిల్లకు రోజూ రాత్రి వేసే జోలపాటలు మీ ఖాతాలోకి చేరి, మర్నాడు ఉదయం సర్వీసు మీకు జోలపాటలే చూపించడం ఆగిపోతుంది.

ఇంటర్నెట్ లేకపోతే స్ట్రీమింగ్ లేదు, ఇది అందరికీ తెలిసిందే. సర్వీసుకూ పాట హక్కుదారుకూ ఒప్పందం అయిపోతే మీ జాబితాలోని పాట ఒకరోజు బూడిదరంగులోకి మారి నొక్కినా పలకకపోవడం చాలామంది చూసే ఉంటారు. పరికరంలోనూ ఇలాంటిదే జరగవచ్చు. 2025 మార్చిలో గూగుల్ వాళ్ల రెండో తరం క్రోమ్‌కాస్ట్‌లు, క్రోమ్‌కాస్ట్ ఆడియో పెట్టెలు ఒక్కసారిగా పనిచేయడం మానేశాయి. స్పీకర్లు, వైర్లు, ఇంటర్నెట్ అన్నీ సరిగ్గానే ఉన్నాయి. పరికరం అసలైనదేనని చెప్పే, వాటి లోపలి డిజిటల్ సర్టిఫికెట్ గడువు తీరిపోయింది, అంతే. గూగుల్ కొద్దిరోజుల్లో అప్‌డేట్ పంపి సరిచేసింది. ఆ కొద్దిరోజులూ వాటినే నమ్ముకున్న ఇళ్లలో పాట లేదు.

మన సొంత పాటలు

అందుకే ఇంట్లో ఒక డిస్క్‌లో సొంత పాటలు ఉండాలని నేను గట్టిగా చెబుతాను. స్ట్రీమింగ్ మానేయమని కాదు, దానికి తోడుగా. దగ్గరున్న సీడీలను కంప్యూటర్‌లోకి ఎక్కించి, కొనుక్కున్న ఫైళ్లతో కలిపి ఒక చిన్న నాస్ పెట్టెలో పెడితే చాలు. నాస్ అంటే ఇంటి నెట్‌వర్క్‌కు కలిసి ఎప్పుడూ ఆన్‌లో ఉండే డిస్క్. ఫ్లాక్ ఫార్మాట్‌లో పెట్టుకోవడం మంచిది. అందులో సీడీలోని సమాచారం ఒక్క బిట్ కూడా పోదు, చోటు మాత్రం దాదాపు సగంతో సరిపోతుంది. ఒక్కో సీడీకి 350 ఎంబీ అనుకుంటే వెయ్యి సీడీలు సుమారు 350 జీబీ. 1 టీబీ డిస్క్‌లో ఇంకా బోలెడు చోటు మిగులుతుంది. రెండో డిస్క్‌లో కాపీ తప్పనిసరి. సీడీలు మళ్లీ ఒక్కొక్కటిగా ఎక్కించే ఓపిక ఎవరికీ ఉండదు.

డిస్క్‌లో పాటలు ఉంటే చాలదు, వాటిని స్పీకర్లకు అందించే సర్వర్ సాఫ్ట్‌వేర్ కావాలి. ప్లెక్స్, జెల్లీఫిన్, రూన్, ఇలా చాలా ఉన్నాయి. వీటిలో నాకు గౌరవం కలిగించిన కథ స్క్వీజ్‌బాక్స్ అనే ప్లేయర్లదీ, వాటి సర్వర్‌దీ. స్లిమ్ డివైసెస్ అనే చిన్న కంపెనీ 2001లో నెట్‌వర్క్ మ్యూజిక్ ప్లేయర్ తెచ్చింది. 2006లో లాజిటెక్ ఆ కంపెనీని కొన్నది, 2012లో స్క్వీజ్‌బాక్స్ పరికరాల అమ్మకం ఆపేసింది. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ దాని సర్వర్ సాఫ్ట్‌వేర్ ఓపెన్ సోర్స్. వాడుకునేవాళ్లే దాన్ని బతికించుకుంటూ వచ్చారు. ఇప్పుడు అది లైరియన్ మ్యూజిక్ సర్వర్ అనే పేరుతో నడుస్తోంది, నాటి పెట్టెలు ఈనాటికీ పాడుతున్నాయి. తయారుచేసినవాళ్లు చేతులెత్తేసినా ఇంటి పాట ఆగకపోవడం అంటే ఇది.

సొంత పాటల్లో అసలు చాకిరీ పేర్లు సరిదిద్దడం. ఒక ఆల్బంలో ఎనిమిది పాటలు ఆరుగురు గాయకులు పాడారనుకోండి. 'ఆల్బం ఆర్టిస్ట్' అనే గడి ఖాళీగా వదిలేస్తే సర్వర్ ఆ ఒక్క ఆల్బంను ఆరు ముక్కలుగా చూపించే అవకాశం ఉంది. ఒకే గాయకుడి పేరు మూడు రకాల స్పెల్లింగ్‌లతో ఉంటే ముగ్గురు మనుషులైపోతారు. ఎక్కించేటప్పుడే ఆ గడులు నింపుకుంటూ పోవాలి. తర్వాత చూద్దాంలే అనుకుంటే కొండలా పేరుకుపోతుంది.

రేడియో, రికార్డులు

రేడియోను చాలామంది లెక్కలోకే తీసుకోరు. కానీ ఏ పాట వినాలో తేల్చుకునే పని లేకుండా, నొక్కగానే పలికే సోర్స్ అదొక్కటే. ఎఫ్‌ఎం ట్యూనర్‌కు ఇంటర్నెట్ అక్కర్లేదు, ఖాతా అక్కర్లేదు; మంచి యాంటెన్నా ఉంటే చాలు. ఒక ట్యూనర్ ఒక సమయంలో ఒక స్టేషనే ఇస్తుంది, ఆ పరిమితి ఉంది. ఇంటర్నెట్ రేడియోలో ప్రపంచమంతటి స్టేషన్లూ దొరుకుతాయి. కాకపోతే స్టేషన్ల చిరునామాలు మారుతూ ఉంటాయి, పరికరం తన జాబితాను ఎవరి దగ్గర్నుంచి తెచ్చుకుంటోందో చూసుకోవాలి.

రికార్డ్ ప్లేయర్‌ను ఇల్లంతటికీ కలపాలనుకునేవాళ్లు ముందుగా ఒకటి తెలుసుకోవాలి. ముల్లు బిగించి ఉండే మామూలు కార్ట్రిడ్జ్ నుంచి వచ్చే సిగ్నల్ సుమారు 5 మిల్లీవోల్టులు. సీడీ ప్లేయర్ ఇచ్చేది సుమారు 2 వోల్టులు, అంటే 400 రెట్లు ఎక్కువ. పైగా రికార్డు కోసేటప్పుడు బేస్ తగ్గించి, ట్రెబుల్ పెంచి కోస్తారు. వినేటప్పుడు దాన్ని తిరగేయాలి. ఈ రెండు పనులూ చేసే ఫోనో స్టేజ్ మధ్యలో లేకుండా నేరుగా కలిపితే శబ్దం సన్నగా, కీచుగా, ఎక్కడో దూరం నుంచి వచ్చినట్టు ఉంటుంది. ప్లేయర్ పాడైందని భయపడాల్సిన పని లేదు. ఫోనో స్టేజ్ ప్లేయర్‌లోనే ఉందా, యాంప్లిఫయర్‌లో ఉందా, విడిగా కొనాలా అన్నది చూసుకోవాలి. రెండు చోట్లా ఉంటే ఒకటే వాడాలి.

నాణ్యత గురించిన తగువు

పాట నాణ్యత మీద జరిగినంత వాదన ఇంకే విషయం మీదా జరగదు. లెక్కలు చూస్తే చిన్నవే. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు, 16 బిట్లతో కొలిచి రాస్తారు. రెండు ఛానెళ్లకు కలిపి సెకనుకు 1,411 కిలోబిట్లు, గంటకు సుమారు 635 ఎంబీ. ఎంపీ3లో గరిష్ఠంగా 320 కిలోబిట్లు, గంటకు 144 ఎంబీ. యాపిల్ మ్యూజిక్ 2021లో, స్పాటిఫై 2025లో లాస్‌లెస్, అంటే ఏ సమాచారమూ పోని ఫైళ్లు, అందించడం మొదలుపెట్టాయి. కాబట్టి సీడీ స్థాయి నాణ్యత ఇప్పుడు అరుదైనదేమీ కాదు.

పనులు చేసుకుంటూ, మాటల మధ్యలో, సీలింగ్‌లోని స్పీకర్‌లో తక్కువ శబ్దంతో వినేటప్పుడు మంచి 320 కిలోబిట్ల ఫైలుకూ లాస్‌లెస్‌కూ తేడా పట్టుకోవడం చాలా కష్టం. దాని కోసం సోర్స్ మార్చుకోవాల్సిన అవసరం నాకు కనిపించదు. చెవికి కొట్టొచ్చినట్టు తెలిసే లోపాలు వేరే ఉన్నాయి. స్నానాలగదిలోనో, నడవాలోనో ఒకే స్పీకర్ పెట్టి, దానికి ఎడమ ఛానెల్ మాత్రమే ఇస్తే కుడివైపు వాయిద్యాలు వినిపించనే వినిపించవు. అక్కడ రెండు ఛానెళ్లనూ కలిపి మోనోగా ఇవ్వాలి. అలాగే ఒక పాట గుసగుసలా, తర్వాతి పాట అరుపులా వస్తే ఇంట్లో ఎవరూ భరించలేరు. స్ట్రీమింగ్ సర్వీసుల్లో పాటల శబ్దాన్ని సమం చేసే సెట్టింగ్ ఉంటుంది. సొంత ఫైళ్లకు రీప్లేగెయిన్ ఆ పని చేస్తుంది. సీడీని మించిన హై రిజల్యూషన్ గురించి ఆలోచించే ముందు ఈ రెండూ సరిచేసుకుంటే ఇంటిల్లిపాదికీ తేడా తెలుస్తుంది.

గోడలకు ప్లాస్టరింగ్ కాకముందే ఈ నిర్ణయాలు తీసుకునే అదృష్టం ఉన్నవాళ్లు యాంప్లిఫయర్ పెట్టే చోటుకీ, స్పీకర్లు పెట్టాలనుకునే ప్రతి గదికీ స్పీకర్ వైరుతో పాటు ఒక ఈథర్‌నెట్ కేబుల్ కూడా లాగించాలి. సోర్సులు పదేళ్లలో ఎన్నిసార్లు మారినా ఆ రెండు తీగలూ పనికొస్తూనే ఉంటాయి.

నాన్న పాట ఆగిన రోజు తర్వాత మా ఇంట్లో చేసిన మార్పులు పెద్దవేమీ కావు. ఇంటికి విడిగా ఒక ఖాతా పెట్టాం. పాత సీడీలన్నీ డిస్క్‌లోకి ఎక్కించాం. హాల్లో గోడకు నాలుగు బటన్ల చిన్న రిమోట్ ఒకటి అతికించాం. మొదటి బటన్ నొక్కితే రేడియో. రెండోది నాన్న తానే ఎంచి రాసిచ్చిన 200 పాటలు, డిస్క్ నుంచి. మూడోది స్ట్రీమింగ్‌లో పిల్లలు చేసుకున్న జాబితా. నాలుగోది అన్ని గదుల్లోనూ పాట ఆపడానికి. నాన్న ఎక్కువగా నొక్కేది రెండోదే. ఆయనకు నా ఫోన్‌తోనూ, ఇంటర్నెట్‌తోనూ పనిలేదు. పొద్దున్నే నేను లేచేసరికి వంటింట్లో పాట నడుస్తూ ఉంటుంది.